తిథి చూసుకుని కోరింగ మడ అడవికి

కాకినాడ నుంచి యానాం పోయే దారిలో కోరింగ దగ్గర ఆగి, చెక్కబాట మీద అటూ ఇటూ నడిచి, నాలుగు ఫొటోలు దిగి, "చెట్లు తప్ప ఏమీ లేవండీ" అంటూ తిరుగుముఖం పట్టేవాళ్ళే ఎక్కువ. అడవిలో లోపమేమీ లేదు, వాళ్ళు వచ్చిన వేళే తప్పు. మడ అడవిలో ఏ ప్రాణి ఏ పూట ఎక్కడ ఉంటుందో తేల్చేది సముద్రపు నీరు. అది రోజుకు రెండుసార్లు లోపలికి ఎక్కుతుంది, రెండుసార్లు దిగిపోతుంది. పోటు మీద కనిపించేవి వేరు, పాటు మీద కనిపించేవి వేరు. ఆదివారం సెలవు కదా అని, టిఫినయ్యాక తీరిగ్గా బయల్దేరితే ఆ పూటకి ఏది దొరికితే అదే చూసి రావాలి.

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతం వైపు పారుతూ తెచ్చిన ఒండ్రు మీద పెరిగిన అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. అందులో సందర్శకులకు అందేది కోరింగ ఊరి దగ్గరి చెక్కబాట, అక్కడి నుంచి పడవ తిరిగే కాలువ, విడిగా హోప్ ఐలాండ్. మిగతాదంతా అటవీశాఖ వాళ్ళకీ, వేట మీద బతికే మత్స్యకారులకీ తెలిసిన లోకం.

రోజు ఎంచుకోవడం

ఈ పనికి గోడ మీది పంచాంగం క్యాలెండరు చాలు. కాకినాడ తీరంలో పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఉదయం తొమ్మిది ప్రాంతంలో నిండుతుంది. మధ్యాహ్నం మూడు ప్రాంతానికి నీరు బాగా లాగేస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక మళ్ళీ పోటు. అక్కడి నుంచి తిథికి యాభై నిమిషాల చొప్పున ఆలస్యం కలుపుకుంటూ పోండి. చవితికి పోటు మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తుంది, దశమికి సాయంత్రం అయిదు దాటాక. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది కాబట్టి, దశమి నాడు పొద్దున పదకొండు ప్రాంతంలో నీరు తగ్గి ఉంటుందన్నమాట.

ఈ లెక్క రోజు ఎంచుకోవడానికి పనికొస్తుంది, పడవ ఎక్కడానికి పనికిరాదు. గంట అటూ ఇటూ అవుతుంది, అష్టమి ప్రాంతంలో మరీను. గాలి వాటం మారినా, గోదావరికి నీరొచ్చినా తేడా వస్తుంది. పైగా సముద్రం ఒడ్డున నిండిన పోటు కాలువలోకి చేరడానికి ఇంకాస్త సమయం తీసుకుంటుంది. రోజు ఖాయం చేసుకున్నాక కాకినాడ రేవుకి ఇచ్చే టైడ్ టేబుల్ చూసుకోండి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో సముద్రం పరిస్థితి, అలల హెచ్చరికలు కూడా ఉంటాయి.

ఎంచుకోవాల్సిన రోజులు రెండు రకాలు. నవమి, దశమి తిథుల్లో పొద్దున పది, పదకొండు మధ్య నీరు దిగి చెక్కబాట కింద బురద బయటపడుతుంది. సాయంత్రం పోటు ఎక్కుతున్నప్పుడు తీరం పక్షులు ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. పొద్దున అడవి, సాయంత్రం పక్షులు అని ఒకే రోజులో రెండూ కుదురుతాయి కాబట్టి మొదటిసారి వచ్చేవాళ్ళు వీటినే చూసుకోవడం మేలు. పౌర్ణమి, అమావాస్య చుట్టుపక్కల రోజుల్లో ఇదంతా తిరగబడుతుంది: పడవ పొద్దున్నే, బురద చూడటం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు. ఈ రోజుల్లో నీరు ఎక్కువ ఎత్తుకి ఎక్కి, ఎక్కువ దూరం దిగుతుంది. చిన్న పాయల్లోకి కూడా పడవ పోగలదు. కానీ ఉదయం తొమ్మిదికి చెక్కబాట ఎక్కినవాళ్ళకి కింద నీరు తప్ప ఇంకేమీ కనబడదు.

ఒక్క అమావాస్య మాత్రం వదిలేయండి. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య. సప్తసాగర యాత్ర మొదలయ్యే ఆ రోజు చొల్లంగి దగ్గర సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు, అదే రోడ్డు మీద కోరింగకి వెళ్ళాలి. స్నానానికి వస్తే సరే, పక్షుల కోసమైతే కాదు. కార్తీక మాసం ఆదివారాలు, సంక్రాంతి మూడు రోజులు కూడా అంతే. వనభోజనాల సందడిలో నీటికుక్క కోసం వెతకడం వృథా ప్రయాస.

కాలం విషయానికొస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వలస పక్షులు ఉంటాయి, ఎండ భరించగలిగేలా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పాయల్లో వరద పోటు ఉంటుంది, పడవ ఆలోచనే వద్దు. ఆ రోజుల్లో యానాం వస్తే పులస కోసం రావాలి గానీ అడవి కోసం కాదు.

చేరడం

రైల్లో వచ్చేవాళ్ళకి కాకినాడ టౌన్, లేదా చెన్నై–హౌరా లైను మీద సామర్లకోట జంక్షన్. కాకినాడ నుంచి యానాం, అమలాపురం వైపు పోయే ఆర్టీసీ బస్సులు 216వ నంబరు జాతీయ రహదారి మీద తాళ్ళరేవు మండలంలోని కోరింగ మీదుగానే వెళ్తాయి. దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. బస చేయడానికి కాకినాడ, లేకపోతే యానాం. గేటు తీసే వేళ, పడవ నడుస్తుందా లేదా, చెక్కబాట మరమ్మతుల్లో ఉందా అన్నవి ముందు రోజు కాకినాడ అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. టిక్కెట్టు ధరలు మారుతుంటాయి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకుంటే చాలు, ఆన్‌లైన్ చెల్లింపుల మీద పూర్తిగా ఆధారపడొద్దు.

చెక్కబాట మీద

ఇక్కడ చేయాల్సిన ముఖ్యమైన పని ఆగడం. చెక్క మీద మీ అడుగు చప్పుడు గుంజల గుండా కింద బురదలోకి దిగుతుంది. ఆ అదురుకి పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి దూరతాయి. మీరు నడుస్తున్నంతసేపూ మీ ముందు పది గజాల మేర బురద ఖాళీగానే ఉంటుంది. జనం ఏమీ చూడకుండా వెళ్ళిపోయేది ఇందుకే. ఎండ పడే, చెట్లు పలచగా ఉన్న ఒక చోటు చూసుకుని కదలకుండా నిలబడండి. అయిదు నిమిషాలు గడిచేసరికి బురద కదలడం మొదలవుతుంది. ముందు కళ్ళు బయటికొస్తాయి, పుల్లల్లాంటి కాడల మీద. తర్వాత పీత. మగదానికి ఒక డెక్క ఒంటి కంటే పెద్దదిగా ఉంటుంది, దాన్ని పైకెత్తి కిందికి దించుతూ ఉంటుంది. అది ఆడపీతకి పిలుపు, పక్క మగపీతకి బెదిరింపు. రెండో చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, తిండి ఏరుకుని, మిగిలినదాన్ని చిన్న ఉండగా చేసి పక్కన పెడుతుంది. బొరియ చుట్టూ మిరియాల్లా పరుచుకుని ఉండేవి ఆ ఉండలే. ఆడపీతకి రెండు డెక్కలూ చిన్నవే, అందుకే రెట్టింపు వేగంగా తింటుంది.

అదే బురదలో గెంతే చేపలుంటాయి, మడ్‌స్కిప్పర్లు. తల మీద కప్ప కళ్ళు, ముందు రెక్కల మీద చేతుల మీద పాకినట్టు నడక. ఒంటి చర్మం తడిగా ఉన్నంతసేపూ అవి గాలి నుంచే ఊపిరి తీసుకోగలవు. అప్పుడప్పుడూ పక్కకి ఒరిగి నీటి మడుగులో దొర్లేది ఆ తడి కోసమే. రెండు మగవి ఎదురుపడితే వీపు మీది రెక్క నిక్కబొడుచుకుంటుంది. ఫొటో తీయాలంటే ఆ క్షణం కోసం కాచుకోండి. చెక్కబాట అంచున పడుకుని లెన్సు వీలైనంత కిందికి దించితేనే బాగా వస్తుంది, నిలబడి పై నుంచి తీస్తే బురదలో బురదలా కలిసిపోతుంది.

చెట్లని గుర్తుపట్టడం తేలిక, అయిదారు తెలిస్తే చాలు. బురదలోంచి పెన్సిళ్ళు పాతినట్టు నిలువుగా పైకి లేచినవి మడచెట్ల ఊపిరి వేర్లు. బురదలో ప్రాణవాయువు ఉండదు కాబట్టి చెట్టు వాటి ద్వారా గాలి పీలుస్తుంది. తెల్లమడ, నల్లమడ రెండూ ఇక్కడ విస్తారం. ఎండ పూట వాటి ఆకులు చూస్తే ఉప్పు పొడి మెరుస్తుంది, తాగిన ఉప్పుని చెట్టు ఆకుల గుండా అలా బయటికి తోసేస్తుంది. కొమ్మల నుంచి వంగి నేలలో దిగిన వేర్లు, మునక్కాడల్లా వేలాడే ఆకుపచ్చ మొలకలు కనబడితే అది ఉప్పుపొన్న. దాని విత్తనం తల్లిచెట్టు మీదే మొలకెత్తి, ఆ తర్వాతే రాలుతుంది. కొమ్మలు కిందికి వాలిన ఎత్తయిన చెట్టు కళింగ. కొమ్ముల్లా వంపు తిరిగిన కాయలుంటే గుగ్గిలం. రాలబోయే ఆకులు ఎర్రబడే చెట్టు తిల్ల. దీని దగ్గర జాగ్రత్త. ఆకు తుంచినా కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే తాత్కాలికంగా చూపే పోవచ్చు. పిల్లలు దారి పొడవునా ఆకులు తెంపుకుంటూ నడుస్తారు కాబట్టి ముందే చెప్పి పెట్టండి. పొరపాటున కంట్లో పడితే రుద్దకుండా మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు ఆగకుండా కడిగి, నేరుగా కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి.

కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ముక్కు మూసుకుని మురుగు అనుకోవద్దు. గాలి ఆడని బురదలో ఆకులు కుళ్ళేటప్పుడు వచ్చే వాయువు అది. అడవి బాగానే ఉందని అర్థం.

బురదలోకి మాత్రం దిగొద్దు. చూపుకి గట్టిగా ఉన్నా మోకాలి దాకా కూరుకుపోతుంది, లాగితే చెప్పు లోపలే ఉండిపోతుంది. వేర్లకి అంటుకున్న ఆల్చిప్పల అంచులు బ్లేడుల్లా ఉంటాయి. చెక్కల మీద కూడా నాచు పట్టిన చోట జారుతుంది. హవాయి చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి.

పడవ, నీటికుక్కలు, బావురుపిల్లి

పడవకి నీరు కావాలి. నీరు బాగా తగ్గాక కాలువలో మేట వేసిన చోట్ల అడుగు తగులుతుంది, అందుకే పాటు వేళ పడవ నడపరు. ఒడ్డున నిలబడి పడవవాళ్ళతో వాదించి లాభం లేదు, నీరు ఎక్కేదాకా ఆగడమే. పోటు మొదలైన గంటన్నర తర్వాత ఎక్కితే రెండు లాభాలు. ఒడ్డు బురద ఇంకా కొంత కనిపిస్తూనే ఉంటుంది, పడవ కూడా లోపలికి పోతుంది. లైఫ్ జాకెట్టు వేసుకుని బకిల్ పెట్టుకోండి, మెడలో వేలాడేస్తే పనికిరాదు. ఏదో కనబడిందని అందరూ ఒకే పక్కకి లేవకండి.

గట్టు వెంట చూడాల్సినవి: నల్ల టోపీ, నీలం వీపు, ఇటుకరంగు పొట్ట ఉన్న లకుముకి పిట్ట. ఇది మడ అడవుల్ని ఇష్టపడే పిట్ట, చలికాలంలో కనబడుతుంది. నీళ్ళకి ఆనుకుని కదలకుండా నిలబడ్డ నారాయణ పక్షి. రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి. తల, రొమ్ము తెల్లగా, తక్కిన ఒళ్ళంతా ఇటుకరంగుతో తిరిగే గరుడ పక్షి. ఇవి దాదాపు ఖాయంగా కనబడతాయి.

నీటికుక్కలు ఖాయం కాదు. గుంపులుగా తిరుగుతాయి. నీటిలో మూడు నాలుగు చదునైన తలలు వరసగా కదులుతూ, వెనక గీత వదులుతూ పోతే అవే. గట్టు మీద చేప పొలుసులతో నిండిన రెట్ట, జారి దిగినట్టు నున్నగా మెరిసే బురద కనబడితే ఆ చోటుకి అవి రోజూ వస్తాయని లెక్క. ఇంజను ఆపమని పడవవాళ్ళని మర్యాదగా అడిగి, పది నిమిషాలు ఆగండి. ఇంజను చప్పుడు మీద వాటిని చూడటం కష్టం.

బావురుపిల్లిని చూస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. అది రాత్రి తిరిగే జీవి. అటవీశాఖ కూడా చెట్లకి కట్టిన కెమెరాల ద్వారానే దాని జాడ తీస్తుంది. ఇంటిపిల్లికి దాదాపు రెట్టింపు సైజు, బూడిదరంగు ఒంటి మీద నల్లమచ్చలు, పొట్టి తోక. మీకు దొరికేది దాని అడుగుజాడ: పాటు వేళ పొద్దున్నే గట్టు వెంట గుండ్రటి పంజా ముద్రలు. నక్క ముద్ర పొడుగ్గా, గోళ్ళు స్పష్టంగా పడుతుంది, రెండూ ఇక్కడ ఉంటాయి. బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో దాని ముద్రకి కూడా గోరుమొన తేలికగా కనబడవచ్చు. అందుకే గోళ్ళు కాకుండా ఆకారం చూసి తేల్చుకోండి.

తీరం పక్షులు

ఇది అడవి లోపలి పని కాదు, కాకినాడ అఖాతం అంచున బయటపడే బురద మైదానాల దగ్గర. కాకినాడ కుంభాభిషేకం రేవు వైపు నుంచి చూడొచ్చు. నీరు పూర్తిగా దిగినప్పుడు వెళ్తే పక్షులు కిలోమీటరు దూరంలో చుక్కల్లా ఉంటాయి. పోటు నిండటానికి రెండు గంటల ముందు వెళ్ళండి. నీరు ఎక్కేకొద్దీ వాటి మేత నేల కుంచించుకుపోయి అవే మీ వైపు నడిచొస్తాయి. పోటు నిండాక లేచి ఎక్కడో వాలతాయి. చూడటానికి దొరికేది ఆ గంటన్నరే.

వెలుగు కూడా లెక్కలోకి తీసుకోవాలి. సముద్రం తూర్పున కాబట్టి పొద్దున ఎండ కళ్ళలో కొడుతుంది, ప్రతి పక్షీ నల్లగానే కనబడుతుంది. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, రంగులు తెలుస్తాయి. నవమి, దశమి అని పైన చెప్పింది ఇందుకే.

ఉల్లంకి పిట్టల్లో దేన్ని ఏదని తేల్చడం మొదట్లో ఎవరికైనా తలనొప్పే. రంగు జోలికి పోకుండా ముక్కు చూడండి. పొడుగ్గా కిందికి వంగితే కర్లూ, పొడుగ్గా నిటారుగా ఉంటే గాడ్‌విట్, పొట్టిగా ఉండి పరిగెత్తి ఆగి పరిగెత్తేది ప్లోవర్. సైబీరియాలో గుడ్లు పెట్టి చలికాలానికి ఇటు వచ్చే గ్రేట్ నాట్ ఇక్కడ వెతకాల్సిన పిట్ట, ప్రపంచమంతటా తగ్గిపోతోంది. ఇండియన్ స్కిమ్మర్ చలికాలంలో ఇసుక దిబ్బల మీద గుంపుగా కూర్చుంటుంది. నారింజరంగు ముక్కు, కింది దవడ పై దానికంటే పొడుగు. ఆ దవడతో నీటి పైపొరని కోసుకుంటూ ఎగురుతుంది. గుంపు తలలెత్తి మీ వైపు చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరికొచ్చేశారని, రెండడుగులు వెనక్కి వేయండి. లేపి ఫొటో తీయడం కోసం చప్పట్లు కొట్టేవాళ్ళు ప్రతి రేవులోనూ ఉంటారు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్టకి ఆ పూట తిండి చెడగొట్టడం తప్ప అందులో సాధించేది లేదు.

బైనాక్యులర్ 8×42 సరిపోతుంది. పడవ మీద 10×42 ఊగిపోతుంది. కెమెరాకి 300 ఎంఎం లెన్సు కనీసం. ఉప్పుగాలికి సామాను పాడవుతుంది కాబట్టి సాయంత్రం తడిపి పిండిన గుడ్డతో తుడవండి. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు, పొడుగు చేతులు, దోమలకి ఒంటికి రాసుకునే మందు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. గవ్వ, మొలక ఏదీ ఇంటికి తేకూడదు.

హోప్ ఐలాండ్, తాబేళ్ళు

గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోయి, సుమారు రెండు వందల ఏళ్ళలో కట్టిన పదహారు కిలోమీటర్ల ఇసుక నాలుక ఇది. కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డుగోడ కూడా ఇదే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఇక్కడ రాత్రిపూట ఇసుక తవ్వి, ఒక్కోటి దాదాపు వంద గుడ్లు పెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పగటి పర్యటనకి వెళ్ళినవాళ్ళకి తల్లి తాబేలు కనబడదు. ఇసుక మీద ట్రాక్టరు టైరు జాడలాంటి దారి, దాని చివర కలబెట్టినట్టున్న ఇసుక కనబడతాయి. ఆ కలబెట్టిన చోట అడుగు పెట్టొద్దు. అటవీశాఖ గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. ఆ సమయంలో అనుమతి దొరికితే ఫ్లాష్, టార్చి, ఫోన్ లైటు అన్నీ ఆపేయండి. పిల్లలు వెలుగు ఉన్న వైపే నడుస్తాయి, మీ లైటు వాటిని సముద్రానికి వ్యతిరేక దిశలో లాగుతుంది. చేతిలోకి తీసుకుని ఫొటో దిగడం నేరం, ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ఆ నెలల్లో ఉప్పాడ నుంచి కాకినాడ దాకా ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కూడా కనబడతాయి. వలల్లో చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక చచ్చినవి వాటిలో చాలా ఉంటాయి. ముట్టుకోకుండా, చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి కబురు పెట్టండి.

హోప్ ఐలాండ్‌కి అటవీశాఖ అనుమతి ఉన్న పడవలోనే వెళ్ళాలి, పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచి అఖాతంలో అలలు పెరుగుతాయి, తిరుగు ప్రయాణంలో వాంతులు మొదలవుతాయి. దీవి మీద నీడ దాదాపు ఉండదు, నీళ్ళు కొనడానికి దుకాణం ఉంటుందనుకోవద్దు. పులిహోర పొట్లాలు తీసుకెళ్తే ఖాళీ కవర్లు మళ్ళీ సంచిలోకే రావాలి. తిరిగొచ్చేసరికి పోటు ఏ స్థితిలో ఉంటుందో ఎక్కేముందే పడవ నడిపేవాళ్ళని అడిగి, ఆ వేళకి రేవులో ఉండేలా చూసుకోండి.